మా వదిన చూసొచ్చిన జాదూఘర్

మొన్న మంచిర్యాల మార్కెట్లో ఒకావిడ వంకాయలు బేరం చేస్తూ, ఉన్నట్టుండి చేతిసంచి కింద పెట్టి, చీరకొంగు బిగించి నడుములో దోపుకుంది. "గివే వంకాయలు నిన్న లక్సెట్టిపేటల సగం ధరకిచ్చిన్రు" అంది. అది అబద్ధమని అమ్మేవాడికి తెలుసు, నాకూ తెలుసు. కానీ ఆ కొంగు దోపుకున్న తీరు చూసి నేను దారి మధ్యలో నిలబడిపోయాను. వెనక స్కూటరు మీద వచ్చినాయన నన్ను తిట్టి మరీ పోయాడు. మా వదిన చనిపోయాక అలా కొంగు దోపుకున్న మనిషిని చూడడం అదే మొదలు.

వదిన అంటే మా పెద్దన్న భార్య. నస్పూర్‌లో బొగ్గుగని కార్మికుల క్వార్టర్లలోనే ఆమె కాపురమంతా గడిచింది. కొంగు నడుములోకి వెళ్లిందంటే, ఆ తరువాత వచ్చే మాటల్లో సగం జరిగినవి, సగం ఆమె సొంతం. ఇది కాలనీలో అందరికీ తెలుసు. తెలిసే పీటలు తెచ్చుకుని కూర్చునేవారు.

"నాకు ఎరుకలేదు" అన్న మాట ఆమె నోట నేనెన్నడూ వినలేదు. దారి అడిగినవాళ్లకు, తనకు తెలిసినా తెలియకపోయినా దారి చెప్పేది. ఒకసారి పెళ్లివాళ్ల వ్యాన్ వచ్చి ఏదో ఫంక్షన్ హాలు ఎక్కడని అడిగింది. వదిన కొంగు దోపుకుని, "గా నీళ్ల ట్యాంకు దాటినంక ఎడమ దిక్కు మలుగుండ్రి, షామియానా కనవడ్తది" అని పంపించింది. షామియానా కనబడ్డ మాట నిజమే. అది ఎవరివో దినాలు. పెళ్లివాళ్లు పట్టుచీరలతో దిగి, వరసగా కూర్చుని, కడుపునిండా తిని, పెళ్లికొడుకు తండ్రి కోసం వెతుక్కునేటప్పుడు గాని సంగతి బయటపడలేదు. సాయంత్రం ఆ వ్యాన్ డ్రైవరు కొట్లాటకు వస్తే వదిన తొణకలేదు.

"అన్నం మంచిగున్నదా లేదా, గది చెప్పు" అంది.

బాగానే ఉందని ఒప్పుకుని వెళ్లిపోయాడతను.

కరెంటు పోయి టీవీ సీరియల్లో ఒక భాగం తప్పిపోతే, మర్నాడు ఆ భాగం వదిన చెప్పేది, చూడకుండానే. అందులో అత్తకు పక్షవాతం వచ్చేది. పనిమనిషి పెద్దకోడలికి సొంత చెల్లెలని తేలేది. ఆ తరువాత అసలు సీరియల్లో అవేవీ కనబడకపోతే, ఆడవాళ్లు సీరియల్ తీసినవాణ్ని తిట్టుకునేవారు గాని వదినను ఒక్క మాట అనేవారు కాదు.

అయితే ఇవన్నీ చిల్లర కథలు. వదినకు పేరు తెచ్చింది కలకత్తా మ్యూజియం.

అన్న ఉద్యోగంలో ఉన్నప్పుడు, తోటి కార్మికుల కుటుంబాలతో కలిసి కంపెనీ ఇచ్చే యాత్ర సెలవు మీద అన్నా వదినలు కలకత్తా వెళ్లొచ్చారు. అక్కడివాళ్లు మ్యూజియాన్ని జాదూఘర్, అంటే మాయల ఇల్లు, అంటారు. వదినకు ఆ ఒక్క మాట చాలు.

"జాదూ ఉన్నది గాబట్టే జాదూఘర్ అన్నరు. ఉట్టిగనే పేరు వెడ్తరా?" అని మొదలుపెట్టేది. ఈజిప్టు నుంచి తెచ్చిన మమ్మీ ఆమె కథలో తాటిచెట్టంత పొడుగు. వదిన దాన్ని పీనుగు అనేది. "నేను దగ్గరికి వోంగనే కండ్లు తెరిచింది. మీది ఏ ఊరన్నట్టు చూసింది." ఆ పక్క గదిలో ఏనుగు ఎముకలు. ఆ ఏనుగు లేచి నిలబడితే మన క్వార్టరు స్లాబుకు తలకాయ తగులుతుందట. ఇంకో గదిలో ఆకాశం నుంచి పడ్డ రాయి. చెవి పెడితే లోపల ఉరుము వినబడుతుందట.

కాలనీలో వైద్యమూ తీర్పులూ కూడా ఆ మ్యూజియం నుంచే వచ్చేవి. ఎవరికైనా గొంతునొప్పి అంటే, "గా పీనుగు ఇన్ని వేల ఏండ్లు ఎట్ల ఖరాబ్ కాలే? ఉప్పు! నువ్వు గూడ ఉప్పునీళ్లు పుక్కిలించు" అనేది. గొంతునొప్పి తగ్గేది కూడా.

కథ నడిచినంతసేపూ అన్న వాకిట్లో కుర్చీ వేసుకుని పేపరు చదివేవాడు. గనిలో ఊపిరి ఆదా చేసుకున్నట్టు బయట మాటలు ఆదా చేసే మనిషి. ఎవరైనా "నిజమేనా అన్నా?" అని అడిగితే, పేపరు దించకుండా "మీ అక్క చెప్తున్నది గద" అనేవాడు.

పక్క క్వార్టరులో రాజవ్వ ఉండేది. ఆమె, ఆమె భర్త కూడా ఆ కలకత్తా ప్రయాణంలో ఉన్నవాళ్లే. కానీ మ్యూజియానికి వెళ్లింది అన్నా వదినలు మాత్రమే. మిగతావాళ్లంతా ఆ రోజు కాళికమ్మ గుడికి పోయారు. రాజవ్వ ప్రతిసారీ కథ మొదలు నుంచి చివరిదాకా కళ్లు చిన్నవి చేసుకుని వినేది. చివర్లో ఒక్క ప్రశ్న వేసేది.

"అక్కా, మొన్న పీనుగు కుడికన్ను తెరిచిందన్నవ్. ఇయ్యాల రెండు కండ్లంటున్నవ్?"

"మొదలు కుడిది, తర్వాత ఎడమది. నిద్రల నుంచి ఎవలైనా గట్లనే లేస్తరు" అనేది వదిన. అని, చీర చెంగుతో మెడ తుడుచుకునేది.

అన్న పోయాక చాలాకాలం వదిన కథలు చెప్పలేదు. కాలనీ సాయంత్రాలు బోసిపోయాయి. చివరికి ఆడవాళ్లే పూనుకుని ఒక యాత్ర కుదిర్చారు. కాశీ, గయ, అక్కడి నుంచి కలకత్తా. నేను అప్పుడే కరీంనగర్‌లో టీచరు ఉద్యోగం నుంచి రిటైరై ఖాళీగా ఉన్నాను. "నువ్వు గూడ రా పిల్లా" అని వదిన ఫోన్ చేస్తే బయల్దేరాను.

గయ దాటేదాకా వదిన హుషారుగానే ఉంది. కలకత్తా రైలెక్కాక, సకినాలు పంచుతున్న రాజవ్వ అందరికీ వినబడేలా చెప్పింది. "పొద్దుగాల కాళికమ్మ దర్శనం. తర్వాత మ్యూజియం. అక్క అన్నీ దగ్గరుండి చూపిస్తది. గిన్నేండ్లు విన్నది గిప్పుడు కండ్లార చూడాలె."

వదిన నోట్లో సకినం నలగడం ఆగింది.

"గా మ్యూజియం కూలగొట్టిన్రట గద" అంది.

"లే అక్కా. నా కొడుకుతోని ఫోన్ల చూపిచ్చుకున్న. ఉన్నది" అంది రాజవ్వ.

మర్నాడు గుడి నుంచి లాడ్జికి రాగానే వదిన తలకు తువ్వాలు చుట్టుకుని పడుకుంది. పానం మంచిగలేదు, మీరు పోయి రండి అంది. ఆడవాళ్లంతా మంచం చుట్టూ చేరారు. "నువ్వు రాకుంటే మేం గూడ పోం. నువ్వు లేకుంటే మాకు ఎవలు చెప్తరు?" అని కింద చతికిలబడ్డారు. ఇక లేవక తప్పలేదు. బయటికి వచ్చేటప్పుడు నన్ను పక్కకు లాగి అడిగింది.

"పిల్లా, ఇయ్యాల ఏం వారం?"

"గురువారం వదినె."

"సోమవారం కాదా? సక్కగ చూడు."

సోమవారం ఉపవాసం కోసం అడుగుతోందేమో అనుకున్నాను.

మ్యూజియం ముందు ఆటో దిగాక వదిన మెట్ల దగ్గర ఆగిపోయింది. ఆ తెల్లటి స్తంభాలను కింది నుంచి పైదాకా చూసింది. "గింత పెద్దగున్నదా" అని నోట్లోనే అనుకోవడం నాకు వినబడింది.

"ఏందక్కా, ఆగినవ్?" అంది రాజవ్వ.

"మనల గుర్తువడ్తరా లేదా అని చూస్తున్న" అంది వదిన. కొంగు బిగించి నడుములో దోపుకుని లోపలికి నడిచింది. వెనకాల కాలనీ అంతా నడిచింది.

ఎటు పోవాలో తెలియనప్పుడు ఎడమ దిక్కు మలగడం ఆమె పద్ధతి. అలాగే మలిగింది. అది రాతి విగ్రహాల గది.

"పీనుగేది?" అన్నారు వెనక నుంచి.

"ముందుగాల దేవుండ్లకు మొక్కకుండ పీనుగు కాడికి ఉరుకుతరా? ఆచారం లేదా మీకు?" అని కసిరింది. అందరూ చెప్పులు విడిచి విగ్రహాలకు దండం పెట్టారు. ఇద్దరు ముగ్గురు చెప్పులు అక్కడే మరిచిపోయి మళ్లీ వెనక్కి పరుగెత్తారు. తరువాత వచ్చింది పక్షుల గది. గడ్డి కూరి నిలబెట్టిన పక్షులు అద్దాల వెనక వరసగా ఉన్నాయి.

"నువ్వు వీటి సంగతి చెప్పలేదు గదక్కా?"

"గప్పుడు గివి బతికే ఉండె. ఎగురుతుంటె ఏం యాదికుంటది?"

నేను పక్కనున్న బోర్డు చదవబోయాను. వదిన నా చెయ్యి గిల్లింది. "టీచరువైతే నీ స్కూల్ల చదువు. గీడ నేను చెప్తున్న."

మమ్మీ గది దొరకడానికి చాలాసేపు పట్టింది. చివరికి ఒక వాచ్‌మన్‌ను నేనే రహస్యంగా అడిగాను. మసక వెలుగు గది. మధ్యలో అద్దాల పెట్టె. చుట్టూ నిలబడి అందరూ లోపలికి చూశారు.

"గింతేనా?" అంది రాజవ్వ.

నిజమే. అది మన రాజవ్వ కంటే పొడుగు లేదు.

"తాటిచెట్టంత ఉన్నదంటివి?"

"ఎండిపోయింది" అంది వదిన. "గప్పటి సంది ఎన్ని ఎండకాలాలు వోయినయ్? నువ్వు పెండ్లప్పుడు ఎంతుంటివి, గిప్పుడెంతున్నవ్?"

ఆడవాళ్లు రాజవ్వను కిందికీ మీదికీ చూసి, న్యాయమేనని తల ఊపారు.

"మరి కండ్లు తెరుస్తలేదేంది?"

"గింతమంది మీదవడి చూస్తుంటె ఎవలు తెరుస్తరే? సిగ్గుండదా?"

మాటల చప్పుడుకు వాచ్‌మన్ వచ్చి, అద్దం మీద చేతులు పెట్టొద్దని హిందీలో చెప్పాడు. వదిన ఆయనకు మమ్మీని చూపించి, "హమారీ పురానీ పైచాన్ హై" అంది. తమది పాత పరిచయమట. ఆయన వదినను చూశాడు, మమ్మీని చూశాడు, తన స్టూలు దగ్గరికి వెళ్లిపోయాడు.

నాకు అప్పటికి అనుమానం మొదలైంది. కానీ వదిన ముఖంలో భయం కనబడిందా అంటే లేదు. అప్పటిదాకా అంతా గెలిచే నడిచింది.

ఎముకల హాల్లో మాత్రం ఆమె ఆగిపోయింది. ఎప్పటిదో, ఇప్పుడు భూమి మీద లేని జాతి ఏనుగు. దాని ఎముకలన్నీ కూర్చి నిలబెట్టారు. దంతాలు ముందుకు ఎంతదూరం సాగాయంటే, వాటి కింద మా జట్టంతా నిలబడవచ్చు. తల ఎత్తి చూస్తే మెడ నొప్పి పుట్టింది. ఆడవాళ్లు వదిన ఏం చెబుతుందోనని ఎదురు చూశారు. ఆమె తల ఎత్తి ఏనుగునే చూస్తూ ఉంది. ఆకలవుతోందని ఒక్కొక్కరే మ్యూజియం నడుమ ఉన్న పచ్చికలోకి, తిండి డబ్బాలు విప్పుకోవడానికి వెళ్లిపోయారు. నేనూ వదినా బెంచీ మీద కూర్చున్నాం. ఆమె నడుములోంచి కొంగు తీసి ఒళ్లో వేసుకుంది.

"పిల్లా, నేను గిది చూసుడు గిదే మొదలు" అంది.

"ఏందీ?"

"మీ అన్నతోని వచ్చిన రోజు సోమవారమట. సోమవారం మ్యూజియం బందట. మనకు వేములాడ రాజన్నకు మొక్కే రోజు, వీళ్లకు తాళం వెట్టే రోజెట్లయితదే? ఎవలకెరుక?"

నాకు నవ్వు ఆగలేదు. ఆమె నవ్వలేదు.

"ముందటి రోజు లాడ్జిల మీ అన్న కొట్లాడిండు. ఆయన గొంతు లేవంగ నేను చూసింది గా ఒక్కనాడే. దేవుండ్లు మన వేములాడల గూడ ఉన్నరు, గా పీనుగు ఏడున్నది, ముందు మ్యూజియం పోదామని. చిన్నప్పుడు బడి పుస్తకంల దాని బొమ్మ చూసిండట. సదువు బందువెట్టి గనిల దిగినా గా బొమ్మ మరువలేదట. అందరు నవ్విన్రు. నీ పీనుగును నువ్వే చూసుకో పో అన్నరు. తెల్లారి ఇస్త్రీ అంగి తొడిగిండు. తలకు నూనె రాసుకున్నడు. వస్తె గేటుకు తాళం. గా గేటు పట్టుకుని నిలవడ్డడు చూడు, నాకు పానం తరుక్కపోయింది. 'ఇగ వాళ్లకు ఏం చెప్పాలె' అన్నడు. నువ్వేం చెప్పకు, నేను చెప్త అన్న. లోపల ఏమేమున్నయో గేటు కాడి కావలాయన చెప్పిండు."

"అట్ల మొదలైందా?"

"గా ఒక్క పూటకని చెప్పిన పిల్లా. తెల్లారి మల్ల అడిగిన్రు. ఊరికొస్తె ఊరోళ్లు అడిగిన్రు. ఏడ ఆపాలె? అందరు విని పోయినంక మీ అన్న పేపరు మడతవెట్టి అడుగుతుండె, 'ఇయ్యాల పీనుగు మల్లేం చేసిందే?' అని."

కళ్లు తుడుచుకుంటుందేమో అనుకున్నాను. ఏనుగు వైపు కోపంగా చూసింది.

"గిది గింత పెద్దగుంటదని ఎరుకుంటె ఇంక మంచిగ చెప్తుంటి గద! గిన్నేండ్లు చిన్నగ చేసి చెప్పిన."

"నాకెరుకే" అన్న మాట మా వెనక నుంచి వినబడింది.

రాజవ్వ. మమ్మల్ని తిండికి పిలవడానికి వచ్చి, ఎప్పటినుంచి నిలబడిందో ఏమో. వదిన బెంచీ మీంచి సగం లేచింది.

"ఏమెరుక నీకు?"

"గా రోజు మేం గుడికి వోయిన బండి గీ రోడ్డు మీదికెల్లే వోయింది. గేటు బందుండె. మీరిద్దరు రోడ్డుకు అవతల కూసుండి, ఒక్కటే కాయిదం పొట్లంల మరమరాలు తింటున్నరు. నువ్వు చేతులు తిప్పుకుంట ఏందో చెప్తున్నవ్. మీ ఆయన నవ్వుతుండె. పండ్లన్ని కనవడంగ నవ్వుతుండె. గా మనిషి నవ్వంగ మేం ఎన్నడు చూడలే. గీ సంగతి ఎవలకన్న చెప్తె కాళ్లు ఇరగ్గొడ్తనని మా ఆయనకు గా బండిలనే చెప్పిన."

వదినకు ఊరట కలగాలి. కలగలేదు. మండిపోయింది.

"అంటె అంత ఎరుకుండి గూడ ఇన్నేండ్లు నోరు తెరుచుకుని విన్నవా? మనిషివేనా నువ్వు? ఏడ దొరికిపోతనో అని నేను పరేషాన్ అయితుంటె, కుడికన్నా ఎడమకన్నా అని సవాళ్లడుగుతవా?"

"అడగకపోతె నువ్వు ముందటికి ఎట్ల చెప్తవక్కా? అడిగినప్పుడల్లా కొత్తది పుట్టిస్తుంటివి. నాకు గదే మజా."

వదిన ఆమెతో మాట్లాడలేదు. తిండి తినలేదు. నా చెయ్యి పట్టుకుని మళ్లీ మొదటి గది నుంచి బయల్దేరింది. ఈసారి ప్రతి బోర్డూ నాతో చదివించుకుంది. ఆకాశం నుంచి పడ్డ రాయి దగ్గర చెవి వంచి, ఏమీ వినబడక నిలబడింది. మమ్మీ దగ్గర ఎంతసేపు చూసిందో చెప్పలేను. కాళ్లు నొప్పులు, పోదాం వదినె అంటే వినలేదు.

"జర ఆగు. రేపు నేను పైకి వోయినంక మీ అన్న అడుగుతడు, ఎట్లున్నదే అని. గప్పుడు గూడ అబద్ధం చెప్పాల్నా?" అంది.

తిరుగు రైలులో వదినకూ రాజవ్వకూ మాటల్లేవు. ఎదురెదురు సీట్లలోనే కూర్చున్నారు. మధ్యలో నేను. "గామెకు మామిడికాయ తొక్కు కావాల్నేమో అడుగు." "వద్దని చెప్పు. గామె మందుబిళ్ల ఏసుకున్నదా అడుగు." "ఏసుకున్నదని చెప్పు." ఇద్దరూ ఒకరి మాట ఒకరు వింటూనే, నేను మళ్లీ చెప్పేదాకా ఆగేవారు. బల్లార్షా వచ్చేసరికి నా గొంతే పోయింది.

నస్పూర్ చేరిన సాయంత్రం యాత్రకు రానివాళ్లంతా వదిన వాకిట్లో చేరారు. కాశీ ప్రసాదం తీసుకున్నారు, గంగ నీళ్లు తల మీద చల్లుకున్నారు. అసలు వచ్చింది దానికి కాదు.

"పీనుగు ఎట్లున్నదక్కా?" అని అడిగింది ఒక కొత్తకోడలు.

వదిన నవారు మంచం మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, చూసింది చూసినట్టు చెప్పింది. చిన్నగా ఉందంది. నల్లగా ఎండిపోయి ఉందంది. అద్దాల పెట్టెలో కదలకుండా పడుకుని ఉందంది. దాని పక్కన బోర్డు మీద ఏం రాసి ఉందో కూడా చెప్పింది.

జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఒకామె పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానంది. ఇంకొకామె పీట ఎత్తుకుంది. నిజం చెబితే ఇలా లేచి పోతారని వదినకు తెలిసినట్టు లేదు. ఏం చేయాలో తోచక నా వైపు చూసింది.

రాజవ్వ తన గుమ్మం మీద కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. అక్కడి నుంచే గట్టిగా అంది.

"గామె చెప్పేది నమ్మకుండ్రి! గామె చూసినప్పుడు గా పీనుగు పండుకున్నది. గామె ఏనుగు కాడ కూసున్నప్పుడు నేను ఒక్కదాన్నే మల్ల వోయిన. లేచి కూసున్నది. దూపయితున్నదని సైగ చేసింది. నా సీసల మన గోదావరి నీళ్లుండె. మూత తీసి ఇచ్చిన."

పీట ఎత్తుకున్నామె పీట దించింది.

"తాగిందా?"

"ఎందుకు తాగది? గటగట తాగింది. తాగి, గిన్ని వేల ఏండ్ల సంది గిసొంటి నీళ్లు తాగలేదన్నది."

వదిన రైలులో బిగించిన ముఖం అప్పుడు వదులు చేసింది. తాను కూర్చున్న మంచం మీద కాస్త పక్కకు జరిగి, ఆ ఖాళీని అరచేత్తో రెండుసార్లు తట్టింది. రాజవ్వ చిక్కుడుకాయల చాట ఎత్తుకుని వచ్చి అక్కడ కూర్చుంది.

నేను కరీంనగర్ బస్సుకు వెళ్లాల్సినదాన్ని. సంచి సర్దుకుని గేటు దాకా వచ్చాను కూడా. కానీ గోదావరి నీళ్లు తాగాక అది ఏం చేసిందో వినకుండా ఎవరు పోతారు? సంచి గోడకు ఆనించి, ఒక పీట వెతుక్కున్నాను.